గాజుల తొండ పురుడు

అనగనగా, నీళ్ళకంటే ఇసుకే ఎక్కువున్న ఒకానొక ఊళ్ళో ఓబుళమ్మ అని ఒక కోడలు ఉండేది. ఆ ఊరి పేరు దిబ్బలపల్లి. పక్కనే ఏరు. ఏరంటే నువ్వు అనుకునే ఏరు కాదు బంగారూ. వానాకాలంలో నాలుగు రోజులు పారి, మిగిలిన ఏడాదంతా ఒట్టి ఇసుకై పడుకుని ఉండే ఏరు. గాలి లేచిందంటే ఆ ఇసుక దిబ్బలు దిబ్బలుగా పేరుకునేది. పొద్దున ఇక్కడున్న దిబ్బ సాయంత్రానికి ఇంకో చోట ఉండేది.

మరి వాళ్ళకు నీళ్ళెట్లా అంటావా? అడుగుతావని తెలుసు, నువ్వు ఊరుకునే రకమా. ఆ ఇసుకలో గుంత తవ్వితే అడుగున నీరు ఊరుతుంది. దాన్ని చెలమ అంటారు. ఆడవాళ్ళు చెలమ చుట్టూ కూర్చుని, కొబ్బరిచిప్పతో చిప్పెడు చిప్పెడు తోడి కడవలో పోసుకునేవాళ్ళు. ఒక్క కడవ నిండేసరికి ఊళ్ళో కబుర్లన్నీ అయిపోయేవి.

ఓబుళమ్మ మొగుడు గొర్రెల్ని తోలుకుని పచ్చిక వెతుక్కుంటూ దూరం పోయాడు. ఇంట్లో ఉన్నది ఓబుళమ్మ, ఆమె చంటిపిల్ల, అత్త సంజమ్మ. సంజమ్మకు నోరు పెద్దది. మనసు అంతకంటే పెద్దదే, కానీ అది ఎవరికీ చూపించేది కాదు.

ఇక ఆ ఇసుకలో ఒక తొండ ఉండేది. ఇసుక రంగే దాని రంగు. కదలకుండా ఉంటే కాలి పక్కన ఉన్నా కనపడదు. తోక మాత్రం తెల్లగా ఉండి, దాని మీద నల్లనల్లటి పట్టీలు, చేతినిండా నల్లగాజులు వేసుకున్నట్టు. అందుకని ఊరంతా దాన్ని గాజుల తొండ అనేవాళ్ళు. ఎండకు ఇసుక కాలిపోతుంటే అది ముందుకాళ్ళు పైకెత్తి, వెనకకాళ్ళ మీద ఉరికేది. ఉరికేటప్పుడు తొండ కనపడదు, దాని వెనక లేచే దుమ్మే కనపడుతుంది. అన్నం తినమంటే నువ్వు ఉరుకుతావే, అట్లా.

దానికొక అలవాటుంది. ఎవరైనా దగ్గరికొస్తే చప్పున ఆగి, తోక వీపు మీదికి వంచి, ఇటూ అటూ ఊపుతుంది. డేగ వచ్చినా అంతే, పాము వచ్చినా అంతే, మనిషి వచ్చినా అంతే. అది చెప్పేదల్లా ఒక్కటే. 'నిన్ను చూసేశాను, నువ్వు నన్ను పట్టలేవు, ఊరికే ఆయాసపడకు.' పాపం తొండకు వచ్చిన మాట అదొక్కటే. ఈ సంగతి దిబ్బలపల్లి వాళ్ళకు తెలియదు. ఇప్పుడు నీకు తెలుసు. అట్లాగని మధ్యలో లేచి వాళ్ళకు చెప్పేస్తానంటే కుదరదు, పడుకుని వినాలి.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. చెలమలు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాయి. ఊళ్ళో నీళ్ళ మారెన్న అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని నడిచేవాడు. అడుగున నీళ్ళున్న చోటికి రాగానే టెంకాయ నిటారుగా లేచి నిలబడేది. నిలబడిందని ఆయన అనేవాడు, అవునవునని అందరూ అనేవాళ్ళు. ఎన్నో ఏళ్ళు ఆయన చెప్పిన చోట నీళ్ళు పడ్డాయి కూడా. ఆ ఏడు మాత్రం టెంకాయ నిలబడిన ప్రతి చోటా తవ్వారు, చెమటలు పట్టాయి గానీ నీళ్ళు పడలేదు. మారెన్న ముఖం చిన్నబోయింది. ఎవరి కళ్ళలోకీ చూడలేక తల దించుకుని తిరిగేవాడు.

అప్పుడు ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. నీళ్ళు పడకపోతే ఊరు ఖాళీ చేయాల్సిందే, బండ్లు కట్టుకుని కాలవ పారే సీమకు పోవాల్సిందే అనుకున్నారు. ఆ మాట వినగానే ఓబుళమ్మ పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. కాలవ సీమ ఎక్కడో ఉంది. దారిలో నీడ లేదు. ఆ మండుటెండలో పాలు తాగే పిల్లను తీసుకుని ఎట్లా పోవాలి? దారిలో పిల్లకేమన్నా అయితే? ఆమెకు రోజంతా అదే దిగులు.

ఒకనాటి పొద్దున ఓబుళమ్మ ఒక్కతే కడవ పట్టుకుని ఏట్లోకి పోయింది. అక్కడా ఇక్కడా చేత్తో ఇసుక తోడి చూసింది. అంతా పొడే. విసుగొచ్చి కూలబడింది. ఎదురుగా గాజుల తొండ కనపడింది. అది ఆమెను చూసి తోక ఊపి, తుర్రుమని పోయింది. అది నిలబడిన చోట ఓబుళమ్మ ఊరికే గోకింది. వేళ్ళకు చల్లగా తగిలింది. గబగబా తవ్వింది. ఎక్కువ లేవు గానీ ఒక కడవ నీళ్ళు ఊరాయి.

ఇంటికొచ్చి ఆమె నవ్వుతూ అత్తకు చెప్పింది, ఈ రోజు తొండ నాకు నీళ్ళు చూపించిందని. సంజమ్మ పక్కింటావిడకు చెప్పింది. పక్కింటావిడ ఎదురింటావిడకు చెప్పింది. సాయంత్రానికి ఆ మాట ఊరంతా తిరిగి, గాజుల తొండ ఓబుళమ్మను తోకతో రమ్మని పిలిచి, ఇక్కడ తవ్వు తల్లీ అని నోరు తెరిచి చెప్పిందట అని మళ్ళీ ఓబుళమ్మ దగ్గరికే వచ్చింది. ఆమె కాదు కాదన్నా ఎవరూ వినిపించుకోలేదు.

మారెన్నకు మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది. టెంకాయ అలిగింది కాబట్టి గంగమ్మతల్లి ఈ ఏడాదికి తొండను పంపింది అన్నాడు. దాని తోక ఎక్కడ ఊగితే అక్కడ నీళ్ళున్నట్టే అన్నాడు. దాహంగా ఉన్నవాళ్ళు ఏ మాటైనా నమ్ముతారు బంగారూ, వాళ్ళను చూసి నవ్వకూడదు. కొంచెం నవ్వితే పర్లేదులే.

ఆ తర్వాత ఊరంతా ఏట్లోకి బయల్దేరింది. ముందర మారెన్న, ఒక చేతిలో కుంకుమ, ఇంకో చేతిలో ఆ టెంకాయ. అలిగినా సరే, దాన్ని మాత్రం ఆయన వదలడు. వెనక పారలు, గంపలు పట్టుకుని మగవాళ్ళు. వాళ్ళ వెనక ఖాళీ కడవలతో ఆడవాళ్ళు. ఓబుళమ్మ తుమ్మచెట్టుకు చీరతో ఊయల కట్టి, పిల్లను అందులో వేసి తానూ పోయింది.

తొండ అంతమందిని ఎప్పుడూ చూసి ఉండదు. బెదిరిపోయి తోక ఊపింది. 'చూశాను, చూశాను, అందర్నీ చూశాను' అని. మారెన్న చేతులెత్తి దండం పెట్టాడు. జనం దగ్గరికి రాగానే తొండ కొంత దూరం ఉరికి, ఆగి, మళ్ళీ ఊపింది. అదే చోటన్నాడు మారెన్న. మొల లోతు తవ్వారు. ఒట్టి ఇసుక. మనలో ఎవరో దగ్గారు, అందుకే నీళ్ళు లోపలికి పోయాయి అన్నారు. దగ్గినవాడు ఊరంతటికీ క్షమాపణ చెప్పుకున్నాడు.

మర్నాడు మళ్ళీ పోయారు. ఈసారి తొండ ఇంకా దూరం ఉరికింది. దిబ్బల వైపు ఉరికి, ఆగి, వెనక్కి తిరిగి చూసి, ఇంకా గట్టిగా తోక ఊపింది. అక్కడ మెడ లోతు తవ్వారు. పక్కలు కూలి మారెన్న తువ్వాలు ఇసుకలో పూడిపోయింది గానీ నీటిచుక్క కనపడలేదు. ఎవరో చెప్పులు వేసుకొచ్చారు, అందుకే ఇట్లా అయిందన్నారు.

అందరూ తోకనే చూస్తున్నారు. ఓబుళమ్మ మాత్రం దాని తలను చూసింది. తొండ ఎంత దూరం ఉరికినా తల తిప్పి ఒకే వైపు చూస్తోంది. అంతలో తుమ్మచెట్టు కింద పిల్ల కెవ్వుమంది. ఓబుళమ్మ కూడా తల తిప్పి ఊయల వైపు చూసింది. చూసిన తర్వాత ఆమెకు మనసులో ఏదో మెదిలింది గానీ, పిల్లను ఎత్తుకునే తొందరలో మర్చిపోయింది.

మూడోనాడు తొండకు ఊపిరి అందడం లేదు. నోరు తెరుచుకుని ఎగపోస్తోంది. జనం వెంటపడితే దూరపు దిబ్బ దాకా ఉరికి, దిబ్బ మీద నిలబడి తోక ఊపింది. మారెన్నకు ఒళ్ళు మండింది. అంత ఎత్తు దిబ్బ మీద నీళ్ళుంటాయా, ఈ తొండ మనల్ని ఆడిస్తోంది అన్నాడు. ఆయనకు కోపం రావడం చాలా తక్కువ. వచ్చిందంటే చేతిలో ఏముందో చూసుకోడు. ఆ టెంకాయనే విసిరాడు.

టెంకాయ పోయి తోక మీద పడింది. తోక తెగిపోయింది. తొండ తప్పించుకుంది. నల్లగాజుల తోక మాత్రం ఇసుకలో పడి గిలగిల కొట్టుకుంటూ ఉంది.

జనమంతా ఆ తోకనే చూశారు. మారెన్న మాత్రం తన చేతిని తానే చూసుకున్నాడు. ఆ తర్వాత ఎవరో, తోక ఇంకా ఊగుతోందే అన్నారు. ఇంకేముంది, అదీ చూద్దామని అక్కడా తవ్వారు. దిబ్బ మీద నీళ్ళెక్కడివి. తవ్వుతుండగానే తోక కదలడం మానేసింది. అప్పుడు పారలు కింద పెట్టి అందరూ కూలబడ్డారు. ఇక లాభం లేదు, ఎద్దుల్ని తోలుకురండి, బండ్లు కట్టండి అన్నారు పెద్దలు. కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఓబుళమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. ఊరు పోతోందని ఒక దుఃఖం. తను నవ్వుతూ అన్న మాట ఆ మూగజీవి ప్రాణం మీదికి తెచ్చిందని ఇంకో దుఃఖం. అది బతికుందో లేదో చూసొద్దామని, పిల్లను చంకనేసుకుని దాని అడుగుల జాడ పట్టుకుని పోయింది.

ఏ పొదలో నీడకో పోయి ఉంటుందని ఆమె అనుకుంది. కానీ జాడ నీడకు పోలేదు. తిన్నగా మండే ఇసుకలోకే పోయింది. పల్లంలో, ఒక బండరాయి పక్కన ఆగింది. అక్కడ తొండ పొట్ట ఇసుకకు ఆనించి పడుకుని ఉంది. ఓబుళమ్మను చూసి లేచింది. తోక లేదు కదా, మిగిలిన మోడునే వంచి ఊపింది. ఊపింది గానీ ఉరకలేదు.

ఓబుళమ్మ ఇంకో అడుగు వేసింది. అది ఉరకలేదు. చేయి చాపితే అందేంత దగ్గరికొచ్చి కూర్చుంది. అయినా ఉరకలేదు. మూడు రోజులు ఊరంతా తరిమినా దొరకని తొండ, చేతికందే దూరంలో వణుకుతూ అట్లాగే నిలబడింది.

అప్పుడు ఓబుళమ్మకు అర్థమైంది. ఆమె మెల్లగా దాని పక్కన ఇసుక తీసింది. తొండ ఆమె వేలిని కరిచింది. గట్టిగానే కరిచింది, పాపం అంత ఓపిక ఎక్కడిదో. ఓబుళమ్మ చేయి వెనక్కి తీసుకోలేదు. బెత్తెడు లోతులో చల్లటి తడి ఇసుక తగిలింది. ఆ తడిలో తెల్లటి చిన్న చిన్న గుడ్లు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

ఎండకు గుడ్లు ఎండిపోకుండా ఏరంతా వెతికి ఈ తడి చోటు పట్టుకుంది ఆ తల్లి. జనం ఇటు రాకుండా తన ప్రాణం అడ్డం వేసి అటూ ఇటూ ఉరికింది. తోక ఊపింది నీళ్ళ కోసం కాదు, పిల్లల కోసం. అది దూరంగా లాక్కెళ్ళే కొద్దీ ఊరు నీళ్ళకు దూరమైపోయింది.

ఓబుళమ్మ ఇసుక మళ్ళీ కప్పేసింది. చంకలో పిల్ల దాహానికి ఏడుస్తోంది. ఇక్కడ నీళ్ళున్నాయని ఒక్క మాట చెబితే చాలు, ఊరు ఆగిపోతుంది. కానీ చెబితే ఈ చోటే పార పడుతుంది. చెప్పకపోతే బండ్లు కదులుతాయి. ఆమె పిల్లను చూసింది, తొండను చూసింది, ఏం చేయాలో తోచలేదు.

ఓబుళమ్మకు అమ్మ లేదు. అందుకే ఈ పిల్ల పుట్టినప్పుడు పురుడు అత్తగారింట్లోనే జరిగింది. సంజమ్మ గుమ్మానికి వేపమండ కట్టి, గడప మీద కూర్చుంది. ఆ మండ ఉన్నన్నాళ్ళూ పరాయివాళ్ళు లోపలికి అడుగు పెట్టకూడదు. బాలింతను లేపకూడదు, మంచం జరపకూడదు. ఊరి పెద్దరెడ్డి వచ్చినా సంజమ్మ బయటే నిలబెట్టి పంపేసింది. ఆ సంగతి ఇప్పుడు ఓబుళమ్మకు గుర్తొచ్చింది. గుర్తు రాగానే లేచి, ఊరి మొగదల ఉన్న వేపచెట్టు దగ్గరికి పోయి ఒక మండ విరిచింది. తెచ్చి ఆ బండరాయి పక్కన ఇసుకలో గుచ్చింది. ఆ తర్వాత ఊరివాళ్ళను కేకేసింది.

బండ్లు కడుతున్నవాళ్ళు కట్టడం ఆపి వచ్చారు. ఓబుళమ్మ మండకు అడ్డంగా నిలబడింది.

"ఈడ నీళ్ళుండాయి," అంది. "కానీ ఈడ పురుడుండాది. ఎవురూ తొక్కగూడదు."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కొందరు నవ్వారు. మారెన్న నవ్వలేదు. ఆయన వంగి చూసి నెమ్మదిగానే అడిగాడు.

"గుడ్లేగదా అమ్మీ. గంపలో ఇసుక పోసి అందులో పెడదాం. తడి ఈడ పెట్టుకుని, ఇంకో తావ తవ్వేదెందుకు?"

ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. ఊరికి దాహంగా ఉంది. అందరూ సంజమ్మ వైపు చూశారు. ఆ ఊళ్ళో పురుళ్ళ విషయంలో సంజమ్మ మాటంటే మాటే. సంజమ్మ మాత్రం, పెద్దల ముందు కోడలు ఇట్లా నిలబడి మాట్లాడిందని మండిపడుతూ ముందుకొచ్చింది. వచ్చి, నడుం వంచి చూసింది.

తొండ గుడ్ల మీద పడుకుని ఉంది. చుట్టూ ఇంతమంది కాళ్ళు. అది మోడు తోకను వంచి అందరికీ ఊపుతోంది. సంజమ్మ ఆ మోడును చూసింది. మొగుడు పోయినప్పుడు తీసేసిన గాజులు సంజమ్మ చేతులకు మళ్ళీ రాలేదు. కోడలిని తిట్టాలనుకున్న మాటలు ఎటు పోయాయో పోయాయి.

ఆ తర్వాత లేచి మారెన్న వైపు తిరిగింది.

"మీ ఇండ్లల్లో బాలింతను మంచం దింపినారా ఎప్పుడన్నా?" అంది. "పురుడంటే పురుడే. పిల్లలు బయటికి పోయినంక ఈ తావ ఊరిది. అంతవరకూ తవ్వేదేదో ఆ కిందికి పోయి తవ్వండి."

అందరికంటే ముందు మారెన్నే పార అందుకున్నాడు. బండరాయికి కొంచెం దిగువన తవ్వడం మొదలుపెట్టారు. ఒకసారి ఇసుక కూలింది. మళ్ళీ తోడారు. రెండోసారి కూలింది. మళ్ళీ తోడారు. మూడోసారి అడుగు లేని గంప ఒకటి లోపలికి దించి, కూలకుండా ఆపారు. పొద్దు వాలే వేళకు అడుగున తడి మెరిసింది. అప్పుడు ఒక దోసెడు నీళ్ళు ఊరాయి, ఆ తర్వాత ఇంకో దోసెడు.

ఎక్కువ నీళ్ళేం కావు బంగారూ. ఇంటికి అరకడవ వచ్చేది, అంతే. దానికే గంటల తరబడి కూర్చోవాలి. అయినా ఎద్దుల్ని విప్పేశారు. బండ్లు నీడకు తోసేశారు.

ఆ రోజు నుంచి సంజమ్మ పొద్దున లేచి ఏట్లోకి పోయేది. గొంగడి తల మీద కప్పుకుని వేపమండకు కాస్త దూరంగా కూర్చునేది. మండ వాడిపోతే కొత్తది గుచ్చేది. ఊరి నుంచి చెలమకు అడ్డదారి ఆ గుడ్ల పక్కనుంచే పోతుంది. ఆ దారిన ఎవరైనా రాబోతే, కళ్ళు కనపడట్లేదా, బాలింత ఉంది కనపడట్లేదా అని ఏట్లో అందరికీ వినపడేలా తిట్టేది. దాంతో జనం కాలే ఇసుకలో చుట్టు తిరిగి పోయేవాళ్ళు. మేకల్ని కూడా చుట్టు తిప్పే తోలేవాళ్ళు.

మారెన్న ఏం చేశాడో తెలుసా? బాలింతకు పథ్యం పెట్టాలి కదా అని, చెదలు పట్టిన కట్టె ముక్క ఒకటి రోజూ తెచ్చి దూరంగా పెట్టేవాడు. తొండ చూసేది. ఆయన వెనక్కి తగ్గి కూర్చునేవాడు. అది చప్పున వచ్చి చెదలు తిని చప్పున పోయేది. ఆయన్ను చూసినప్పుడల్లా మోడు మాత్రం ఊపేది. ఊపితే ఊపనీలే, నేను చేసిన పనికి నన్ను నమ్మకపోవడమే మంచిది అనేవాడు మారెన్న.

గొణిగినవాళ్ళూ ఉన్నారు. ఆ గుడ్ల కింద కడవల కొద్దీ నీళ్ళు పెట్టుకుని మనం అరకడవతో సరిపెట్టుకుంటున్నాం అనేవాళ్ళు. ఓబుళమ్మ ఆ మాటలు వింటూ తల దించుకుని నీళ్ళు తోడుకునేది.

అంతలో ఒక మధ్యాహ్నం ఓబుళమ్మ పిల్లకు వడదెబ్బ తగిలింది. ఒళ్ళు కాలిపోతోంది. పాలు తాగదు, కళ్ళు తెరవదు. తడిగుడ్డ మీద తడిగుడ్డ వేస్తుంటే ఇంట్లో ఉన్న అరకడవ అయిపోయింది. ఓబుళమ్మ ఖాళీ కడవ పట్టుకుని ఏట్లోకి పరిగెత్తింది. చెలమలో అడుగున తడి తప్ప ఏం లేదు, అప్పుడే ఎవరో తోడుకుని పోయారు. పక్కనే వేపమండ. దాని కింద మోకాలి లోతులో నీళ్ళు. మండ గుచ్చింది తనే. పీకినా అడిగేవాళ్ళు లేరు. సంజమ్మ కూడా ఇంట్లో పిల్ల దగ్గరే ఉంది.

ఓబుళమ్మ మండ మీద చేయి వేసింది. తొండ ఆమెను చూసింది. తోక ఊపలేదు. అది ఆమెను చూసి తోక ఊపడం ఎప్పుడో మానేసింది. ఓబుళమ్మ మండ వదిలేసి, అక్కడే కూర్చుని బోరున ఏడ్చింది.

ఆమె ఏడుపు ముందుగా విన్నది నీళ్ళకు వస్తున్న మారెన్న భార్య. ఏమైందని అడిగి తెలుసుకుంది. తెలుసుకుని ఇంటికి పోయి చెంబెడు నీళ్ళు తెచ్చింది. ఆమెను చూసి పక్కింటామె ఒక చెంబు తెచ్చింది. గొణిగినవాళ్ళు కూడా తెచ్చారు. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో చెంబు, ఓబుళమ్మ కడవ నిండింది. సాయంత్రానికి పిల్ల ఒళ్ళు చల్లబడింది. కళ్ళు తెరిచి పాలు తాగింది. సంజమ్మ మొహం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకుని, పొయ్యిలో పొగ ఎక్కువైందని కోడలిని కసిరింది.

నువ్వు నిద్రపోతున్నావా? ఊఁ అంటున్నావు గానీ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇంకొంచెమే ఉంది.

ఆ తర్వాత ఒకనాడు పొద్దు బాగా ఎక్కాక, ఆడవాళ్ళంతా చెలమ దగ్గర ఉన్నప్పుడు, బండరాయి పక్కన ఇసుక కదిలింది. ముందు ఒక ముక్కు బయటికొచ్చింది. తర్వాత ఒక కాలు. ఆ తర్వాత గింజంత తొండపిల్ల ఒకటి ఇసుక దులుపుకుని నిలబడింది. దాని తోకకు నల్లటి సన్నగాజులు. దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి. తల్లి పొదలోంచి చూస్తోంది. దానికి కొత్త తోక మొలిచింది గానీ, ఆ తోకకు గాజుల్లేవు.

పిల్లలు పొదలోకి పోవాలి. పొదకూ వాటికీ మధ్య కడవలు ఎత్తుకున్న ఆడవాళ్ళున్నారు. పైన ఆకాశంలో డేగ ఒకటి గిరికీలు కొడుతోంది.

కదలొద్దని ఓబుళమ్మ చేయి చూపించింది. ఎక్కడివాళ్ళు అక్కడే ఆగిపోయారు. తల మీద నీళ్ళ కడవలు. కాళ్ళ కింద కాలే ఇసుక. ఒక్కరు కూడా పాదం ఎత్తలేదు. అంతమంది మనుషులు నిలబడి ఉంటే డేగ కిందికి దిగలేకపోయింది. తొండపిల్లలు వాళ్ళ కాళ్ళ మధ్యనుంచి, వాళ్ళ నీడల్లోంచి ఒక్కొక్కటే ఉరికి పొదలోకి పోయాయి.

అన్నిటికంటే చిన్నది మాత్రం సంజమ్మ పాదం దగ్గరికొచ్చి ఆగిపోయింది. తల పైకెత్తి చూసింది. అంత పెద్ద మనిషిని చూసి దానికి ఎంత భయమేసిందో ఏమో. పుట్టి ఇంకా ఘడియ కాలేదు, ఎవరూ నేర్పలేదు, బుల్లి తోక వీపు మీదికి వంచి ఇటూ అటూ ఊపింది.

సంజమ్మ పాదాలు బొబ్బలెక్కుతున్నాయి. ఆమె కదలకుండా దానికి జవాబు చెప్పింది.

"సూసినావులే నాయనా, సూసినావు. ఏం సెయ్యంలే. పోయి మీ అమ్మ కాడ పడుకో."

అది పోయింది. అది పొదలోకి దూరిన తర్వాతే సంజమ్మ పాదం ఎత్తింది. అప్పుడు, చెదల కట్టె పట్టుకుని వచ్చిన మారెన్న వేపమండ తీసి, కళ్ళకద్దుకుని, అక్కడ తవ్వాడు. మోకాలి లోతులోనే చల్లటి నీళ్ళు గుంత నిండా ఊరాయి. దిబ్బలపల్లి ఎక్కడికీ పోలేదు. ఆ ఏడూ పోలేదు, ఆ తర్వాతా పోలేదు.

కథ నడిచీ నడిచీ కంచికి పోయె,
తొండ ఉరికీ ఉరికీ పొదకు పోయె,
నీరు ఊరీ ఊరీ కడవకు పోయె,
ఊఁ కొట్టీ కొట్టీ నా బంగారు తల్లి
కళ్ళు మూసుకుని మన ఇంటికి పోయె.